పిడికెడు బియ్యము

దానము గొప్పదని చెప్పని మతము లేదు. దానము చేసి, ఆ మాట చెప్పుకొనని దాత మాత్రము అరుదు. పాఠశాలకు విద్యుత్ పంకా ఇచ్చినవారు దాని రెక్కలపై తమ పేరు వ్రాయింతురు. పంకా తిరుగుచున్నంతసేపు ఆ పేరు కనబడదు, ఆగినప్పుడే కనబడును. గాలి వీచునప్పుడు దాత మరుగుపడవలెనను నీతిని ఆ పంకాయే బోధించుచున్నది.

క్రైస్తవ ధర్మములో ఈ నీతికి ప్రముఖ స్థానము కలదు. కుడిచేయి చేసిన దానము ఎడమచేతికి తెలియరాదని క్రీస్తు బోధ. దేవాలయపు కానుకపెట్టెలో ధనికులు వేసిన మొత్తములకంటె పేద విధవరాలు వేసిన రెండు కాసులే ఎక్కువని ఆయన శిష్యులకు తెలిపినట్లు సువార్తలు చెప్పుచున్నవి. ధనికులు తమకు మిగిలినదానిలో నుండి ఇచ్చినారు. ఆమె తన జీవనములో నుండి ఇచ్చినది. ఈ కథ ప్రసిద్ధమే. కాని ఇందులో సాధారణముగా ఎవరును గమనింపని అంశము మరియొకటి ఉన్నది. ఆమె తన కాసులకు లెక్క అడుగలేదు. గ్రంథములో ఆమె పేరైనను లేదు.

తెలుగు క్రైస్తవ కుటుంబములలో ‘పిడికెడు బియ్యము’ అను ఆచారము ఒకటి కలదు. ఎసటిలో పోయుటకు ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యము తీసి వేరొక కుండలో ఉంచును. అట్లు కూడిన బియ్యము ఆదివారమునాడు దేవాలయమునకు చేరును. రాగిసంకటితో కడుపు నింపుకొను మెట్టప్రాంతములలో, ఒకప్పుడు బియ్యపుటన్నము పండుగనాటి వంటగా ఉండిన ఇండ్లలో, ఆ పిడికెడు చిన్నది కాదు. దేవాలయములో అందరి బియ్యమును ఒకే రాశిలో కలియును. కలిసిన పిమ్మట ఏ గింజ ఎవరిదో ఇచ్చిన ఇల్లాలు సైతము చెప్పజాలదు. దానముయొక్క ఔన్నత్యము ఇచ్చిన పరిమాణములో లేదు. ఇచ్చిన పిమ్మట దానిపై దాత ఎంత హక్కు నిలుపుకొనునన్నదానిలో ఉన్నది. హక్కు సున్న అయినప్పుడే దానము పూర్ణమగును.

ఈ నీతి ఒక సంస్థగా రూపొందినచో ఎట్లుండునో చూడగోరువారు పలమనేరు నుండి పుంగనూరు మీదుగా మదనపల్లెకు పోవలెను. ఆ పట్టణమునకు సమీపమున ఆరోగ్యవరము ఉన్నది. 1912లో మదనపల్లెలో ఆరంభమై, 1915లో ఇప్పటి స్థలమునకు మారిన ఈ క్షయరోగ చికిత్సాలయమునకు యూనియన్ మిషన్ ట్యూబర్క్యులోసిస్ శానటోరియమ్ అని పేరు. సిద్ధాంతములలో భేదములు గల పలు క్రైస్తవ మిషనులు రోగిసేవకై ఏకమైనవని ‘యూనియన్’ అను పదమే చెప్పుచున్నది. డెన్మార్కు దేశీయుడగు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ దీనిని దశాబ్దములపాటు నడిపినారు. ఇట్టి సంస్థలకు సముద్రముల కావల ఆదివారపు ప్రార్థనలలో కానుకలు వేసినవారిలో అత్యధికులు మదనపల్లెను ఎన్నడును చూడలేదు. చూడగలమని అనుకొనను లేదు.

ఆనాటి క్షయరోగమునకు ఔషధము లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, అవసరమైనచోట శస్త్రచికిత్స: ఇవియే వైద్యుని ఆయుధములు. రోగి నెలలు, కొన్ని వేళల సంవత్సరములు, మంచము పట్టి ఉండవలసి వచ్చెడిది. స్వస్థత నిశ్చయము కాదు. ఫలము కనబడుచోట ఇచ్చుట సులభము. ఫలము సందిగ్ధమైనచోట ఏండ్ల తరబడి ఇచ్చుచునే ఉండుట విశ్వాసములేనివారికి కష్టము.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. మిషనులవారి దానము మతవ్యాప్తికై వేసిన ఎర కాదా? ఈ ప్రశ్నను తోసివేయుట న్యాయము కాదు. అమెరికా నుండి వచ్చి, ఆర్కాటు మిషను పక్షమున పలమనేరులోను, పిమ్మట మదనపల్లెలోను పనిచేసి, 1908లో మదనపల్లెలోనే మరణించిన జేకబ్ చేంబర్లేన్ వైద్యుడు, మతప్రచారకుడు కూడ. ఆ సంగతి ఆయన దాచలేదు. తన విశ్వాసమును చాటుట ఒకటి. మందునకు దానిని వెలగా అడుగుట వేరొకటి. రోగి మతము మారినగాని మందు ఇయ్యని వైద్యుడు దాత కాడు, వర్తకుడు. ఆరోగ్యవరములో సర్వమతములవారును చికిత్స పొందినారు. ఏ సేవనైనను ఈ గీటురాయి మీదనే పరీక్షింపవలెను. ఆ పరీక్షలో ఎచ్చట ఎవరు తప్పినను వారు క్రీస్తు బోధకే ద్రోహము చేసినవారగుదురు.

పుచ్చుకొనువాడు ఎల్లకాలము పుచ్చుకొనువాడుగనే ఉండడు. 1950లో యోహనెస్ ఫ్రిమోడ్ట్ మోలర్ నాయకత్వమున మదనపల్లె పరిసర గ్రామములలో బి.సి.జి. టీకాపై పరిశోధన ఆరంభమైనది. గ్రామస్థులు పరీక్షలకు చేయి చాచినారు. ఎక్స్‌రే యంత్రము ముందు నిలిచినారు. ఆ పరిశీలనలు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినవి. దూరదేశముల ధనముతో వైద్యము పొందిన ప్రాంతము దూరదేశములకు జ్ఞానమును తిరిగి ఇచ్చినది. ఆ గ్రామస్థుల పేర్లు కూడ ఏ ఫలకముపైనను లేవు.

క్రొత్త మందులు వచ్చిన తరువాత, వానిని వాడుచు ఇంటివద్దనే ఉన్న రోగులకు శానటోరియమ్‌లోని రోగులతో సమానముగా గుణమిచ్చునని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో తేల్చినది. క్షయరోగికి కొండగాలి, దీర్ఘవాసము అనివార్యములు కావని తేలినప్పుడు, వానికై కట్టబడిన సంస్థకు దుఃఖము కలుగవలెనా? రోగి కొరకు ఇచ్చినవారికి అది శుభవార్త. తమ పేరు కొరకు ఇచ్చినవారికి మాత్రమే నష్టము. ఆరోగ్యవరము కాలానుగుణముగా ఇతర రోగములకు సైతము వైద్యము చేయు ఆసుపత్రిగా మారినది. బియ్యము కూడుగా మారుటకే గదా రాశి పోసినది!

విద్యార్థులకు ఈ ధర్మము క్రొత్త కాదు. ప్రక్కవానికి పాఠము చెప్పిన బాలుడు, వానికి తనకంటె ఎక్కువ మార్కులు వచ్చినప్పుడు సంతోషించినచో, అది దానము. ఉపాధ్యాయుని జీవితమంతయు ఇట్టిదే. ఆయన చెప్పిన అక్షరము శిష్యుని నోట పలుకునప్పుడు ఆయన పేరు వినబడదు. మతము ఏదైనను, ఇంటింటను పిడికెడు తీసి ఉంచగల కుండ ఒకటి ఉండదగును. అందులో పడునది బియ్యమే కానక్కరలేదు. పడినదానిని తిరిగి లెక్కింపకుండుటయే ముఖ్యము.