గెలిచినవాడు గుర్రం దిగిన బొమ్మ

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో వెలాస్కెజ్ గీసిన ‘బ్రెడా లొంగుబాటు’ ఉంది. ఎత్తు 3 మీటర్ల పైమాటే, వెడల్పు ఇంకా ఎక్కువ. హైస్కూల్లో చరిత్ర చెప్పే నేను దాని ప్రింటును ఏటా తొమ్మిదో తరగతికి పట్టుకెళ్తాను. ‘ఇందులో గెలిచిందెవరు?’ అని అడిగితే పిల్లలు ఒక పట్టాన తేల్చుకోలేరు. విజయాన్ని చూపించే బొమ్మకు అంతకు మించిన గొప్పతనం ఉండదని నా నమ్మకం.

బ్రెడా నెదర్లాండ్స్‌లోని కోటపట్టణం. స్పెయిన్ సేనాని స్పినోలా 1624 ఆగస్టులో దాన్ని ముట్టడించి, తిండిగింజలు లోపలికి పోకుండా దారులన్నీ మూసేశాడు. తొమ్మిది నెలలు దాటాక, 1625 జూన్‌లో, కోటను కాపాడుతున్న నసావ్ వంశీయుడు జస్టిన్ లొంగిపోయాడు. డచ్ సైనికులు తమ ఆయుధాలు, జెండాలతోనే మర్యాదగా బయటికి వెళ్లేందుకు స్పినోలా ఒప్పుకున్నాడు.

ఇక బొమ్మ చూడండి. కుడివైపు స్పెయిన్ వారి ఈటెలు నిటారుగా, బారులు తీరి ఉన్నాయి. ఎడమవైపు డచ్ సైనికులు చెల్లాచెదురుగా నిలబడ్డారు. వెనక ఎక్కడో పొగ. నడుమ జస్టిన్ వంగి తాళంచెవి అందిస్తున్నాడు. వెనకున్న వెలుగు మీద ఆ చెవి నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. స్పినోలా గుర్రం దిగాడు, టోపీ తీశాడు. చెవి అందుకోవలసిన చేతిని ఓడిన మనిషి భుజం మీద వేశాడు. అప్పటికి జస్టిన్ అరవై దాటినవాడు, స్పినోలా అతనికంటే పదేళ్లు చిన్న. పెద్దాయన మరీ వంగిపోకుండా పట్టుకున్నట్టుంది ఆ చెయ్యి.

వెలాస్కెజ్ బ్రెడాను చూడలేదు. స్పినోలాను మాత్రం ఎరుగును. 1629లో ఇద్దరూ ఒకే ప్రయాణంలో ఇటలీకి వెళ్లారు. ఆ మరుసటి ఏడాదే స్పినోలా చనిపోయాడు. మరి కొన్నేళ్లకు, 1635 ప్రాంతంలో, ఈ బొమ్మ పూర్తయింది. తాళంచెవి అందించిన ఘట్టం ఇలా జరిగిందనడానికి ఆధారం లేదు. చిత్రకారుడు ఆ లొంగుబాటు షరతుల్లోని ఉదారతకు మనిషి రూపం ఇచ్చాడు.

ఇది స్పెయిన్ రాజుగారి గొప్ప కోసం గీయించిన బొమ్మే కదా అంటారు కొందరు. నిజమే. నాలుగో ఫిలిప్ తన కొత్త భవనంలోని దర్బారు హాలు కోసం గీయించిన విజయ చిత్రాల్లో ఇదొకటి. కోటలో ఆకలితో మాడిన జనం ఇందులో లేరు. ఆ సంగతీ పిల్లలకు చెబుతాను. అయినా ఆ హాల్లో రాజు తన గెలుపును చూసుకోవాలంటే, ఓడినవాడి ముఖం చూడక తప్పేది కాదు. పైగా ఆ గెలుపూ నిలవలేదు. 1637లో డచ్చివాళ్లు బ్రెడాను మళ్లీ పట్టుకున్నారు.

మన పరీక్షల్లో యుద్ధమంటే సంవత్సరం, గెలిచిన రాజు, ఒక మార్కు. నా కోరిక చిన్నది. ఆ ప్రశ్న కింద ఇంకొకటి చేర్చండి: ‘గెలిచినవారు ఓడినవారి పట్ల ఎలా నడుచుకున్నారు?’ దానికి నాలుగు మార్కులివ్వండి. గెలిచాక ఎలా ఉండాలన్నది కూడా చరిత్ర పాఠంలో భాగమేనని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.