‘అభీ తో చల్‌రీ నా!’

మా షహర్‌లో బళ్లను పెట్రోల్ కంటే ఎక్కువగా నడిపించే మాట ఒకటుంది: ‘అభీ తో చల్‌రీ నా మియాఁ, చల్నే దో!’ బ్రేకు కీచుమంటే అదే మాట. మలుపులో ముందు చక్రం దగ్గర కట్‌కట్‌మంటే అదే మాట. పొద్దున బండి తీశాక నేలమీద పచ్చటి తడి కనిపిస్తే, దాన్ని తొక్కుకుంటూ పోతూ కూడా అదే మాట. పైగా దానికి తవక్కుల్ అని పేరు! ముందు ఒంటెను కట్టు, ఆ తర్వాత అల్లా మీద భరోసా పెట్టు అని నేర్పిన దీన్ మనది. కట్టకుండా వదిలేయడం తవక్కుల్ ఎలా అవుతుంది? అది పచ్చి గఫ్లత్.

ఉర్దూలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. ‘కల్ దేఖేంగే’ అనేవాడి రేపు ఎప్పుడు నిన్న అయిపోతుందో వాడికే తెలీదు.

ఇక హిసాబ్ చూద్దాం. కొత్త బ్రేక్ ప్యాడ్ లైనింగ్ 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 3కి దిగిందంటే మార్చాలి. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకుముక్క ఉంటుంది. లైనింగ్ అరిగాక అది డిస్కును గీకి కీచుమంటుంది. అంటే అది ఖరాబైన చప్పుడు కాదు, ఖరాబు కాకముందే బండి ఇచ్చే ఖబర్. వినకపోతే ఇనుము మీద ఇనుము రాసుకుని డిస్కుకు గాట్లు పడతాయి. ప్యాడ్లతో తీరేదానికి డిస్కులు కూడా కొనాలి. అదీ బండి ఆగితే. ఆగకపోతే ఎదురుగా ఉన్నది ఎవరి బిడ్డో!

చక్రం దగ్గర జాయింటుకు రబ్బరు తొడుగు ఉంటుంది, బూట్ అంటారు. అది చిరిగితే గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. మొదట్లోనే చూసుకుంటే కొత్త బూటు, గ్రీజు చాలు. కట్‌కట్ మొదలైందంటే జాయింటే అరిగినట్టు. కూలెంట్ గొట్టం కథా అంతే. చుక్కలు కారుతుంటే రోజూ నీళ్లు పోసుకుంటూ తిరుగుతారు. మే నెల ఎండలో, ట్రాఫిక్‌లో ఒకరోజు ఇంజిన్ ఉడికిపోతుంది. హెడ్ గ్యాస్కెట్ పోతుంది, హెడ్ వంగుతుంది. వందల్లో అయ్యే పని వేలల్లోకి పోతుంది.

‘మరి గరీబ్ సంగతేంటి భాయ్?’ అంటారు. సవాల్ సరైనదే. క్యాబ్ నడిపేవాడికి షెడ్డులో ఒక పూట పోతే ఆ పూట రోటీ పోయినట్టే, కిస్తీ మాత్రం ఆగదు. కానీ రెండో కారు ఉన్నవాడే రిపేరు వాయిదా వేయగలడు. ఒకే బండి ఉన్నవాడికి ఇంజిన్ విప్పిన రోజులన్నీ ఫాకాలే. గంటలో అయ్యే పని గంటలో అవుతున్నప్పుడే చేయించాల్సింది వాడే.

నా గుస్సా అసలు వాడి మీద కాదు. రోజు కిరాయి లెక్కపెట్టి జేబులో వేసుకుని, బ్రేకుల మాటెత్తగానే ‘చల్నే దో’ అనే సేఠ్ మీద. బడి పిల్లల్ని కుక్కి పంపే వ్యాన్ మాలిక్ మీద. ‘చల్నే దో’ అనే నోరు ఒకరిది, ఆ సీట్లో కూర్చునే జాన్ ఇంకొకరిది. ఆ జాన్ మాలిక్ చేతిలో అమానత్. దానికి జవాబ్ చెప్పుకోవాలి, ఇక్కడా, అక్కడా.

‘మెకానిక్‌లు మోసం చేస్తారు’ అన్నది ఇంకో బహానా. చేసేవాళ్లు ఉన్నారు. దొంగ హకీమ్ ఉన్నాడని జ్వరానికి మందు మానేస్తామా? ప్యాడ్ విప్పి మందం చూపించమనండి. తీసిన పాత సామాను చేతికి అడగండి. రాణీగంజ్‌లో ధర కనుక్కోండి. నచ్చకపోతే ఇంకో ఉస్తాద్ దగ్గరికి వెళ్లండి.

ప్రతి చప్పుడుకూ షెడ్డుకు పరుగెత్తమని నేననను. తలుపు మీద గీత, బంపర్‌కు సొట్ట, నెమ్మదిగా లేచే అద్దం, ఇవన్నీ ఈద్ దాకా ఆగుతాయి. ఆగనివి నాలుగు: బండిని ఆపేది, తిప్పేది, చల్లగా ఉంచేది, నేలను పట్టుకునేది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే కానూన్ కూడా ఒప్పుకోదు.

మరమ్మతు అనే మాటను తెలుగు ఉర్దూ నుంచే తెచ్చుకుంది. మాట ఇచ్చినవాళ్లమైన మనకే ఆ ఆదత్ లేకపోతే ఎలా? జుమ్మా రోజు పాతబస్తీలో షెడ్లు చాలావరకు మూసే ఉంటాయి. శనివారం పొద్దున్నే వెళ్లండి.