జల్లెడ కూలి ఎవరి నెత్తిన?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై 8 నుంచి ఉచిత ఇసుక విధానం అమలులోకి తెచ్చింది. ఇసుకకు ధర లేదు. తవ్వకానికీ, ఎత్తుడుకూ, రవాణాకూ అయ్యే ఖర్చు మాత్రం ఇల్లు కట్టుకునేవాడు భరించాలి. నాటినుంచి జిల్లాలో ఎక్కడ విన్నా ఇసుక దొరికిందా, ట్రక్కు కిరాయి ఎంత అన్న మాటలే. ఇంటిముందు దిమ్మరించిన గుట్టలో ఇసుక ఎంత, ఇసుక కానిది ఎంత అని అడిగేవారే కరువయ్యారు.

గోదావరి వరద తీసిన తర్వాత తవ్వే ఇసుకలో ఒండ్రు కలిసి వస్తుంది. మెట్ట గ్రామాల వాగు ఇసుక సంగతి వేరు. అందులో గులకరాళ్లు, వేళ్లు, బంకమన్ను ఉండలు సైతం ఇసుక లెక్కలోనే ట్రక్కు ఎక్కుతాయి. కొన్నవాడు రాళ్లకు కూడా కిరాయి ఇచ్చుకుని, వాటిని ఏరడానికి మళ్లీ కూలి ఇచ్చుకోవలసి వస్తున్నది.

రాళ్లు వేరు చేయడం, మట్టి వేరు చేయడం ఒకే పని కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 383 ప్రకారం 4.75 మిల్లీమీటర్ల జల్లెడలోంచి చాలావరకు దిగిపోయేదే ఇసుక. పైన నిలిచేది కంకర కిందికి వస్తుంది. ఏటవాలుగా నిలబెట్టిన జల్లెడమీద పారతో విసిరితే ఈ పని జరిగిపోతుంది. కాని ఒండ్రు ఇసుకకంటె సన్నం. ఎంత జల్లించినా ఇసుకతోపాటే కిందికి దిగుతుంది. దాన్ని వదిలించగలిగేది నీరు ఒక్కటే. రేణువులకు అంటిన మట్టి సిమెంటును పట్టనివ్వదు, కలపడానికి నీరు ఎక్కువ అడుగుతుంది, ఆరినాక గోడపూత నెరలు విచ్చుతుంది. సహజమైన ఇసుకలో 75 మైక్రాన్లకంటె సన్నని పదార్థం బరువులో నూటికి 3 వంతులు మించరాదని అదే ప్రమాణం చెబుతున్నది.

దీన్ని ఇంటివద్దనే ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. తిన్నని గాజుసీసాలో సగందాకా ఇసుక పోసి, ముప్పాతిక వరకు నీళ్లు నింపి, కాస్త ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు కదల్చకుండా ఉంచాలి. ఉప్పు మట్టిని త్వరగా పేరబెడుతుంది. ఇసుక అడుగుకు చేరి, ఒండ్రు దానిమీద వేరే పొరగా కనబడుతుంది. పది సెంటీమీటర్ల ఇసుకమీద ఒండ్రు 8 మిల్లీమీటర్లు దాటితే ఆ ఇసుకను కడిగితీరాలి, లేదా తిప్పి పంపాలి. తిప్పి పంపడం ఎవరివల్ల అవుతుందన్నది వేరే ప్రశ్న. ట్రాక్టరు దిమ్మరించి వెళ్లిపోయాక అప్పుచేసి శ్లాబు వేయించుకుంటున్నవాడి మాట వినేదెవరు?

ఇక కూలీల మాట. తడి ఇసుక జల్లెడ కళ్లను పూడ్చేస్తుంది; పొడి ఇసుక ధూళి లేపుతుంది. ఆ సన్నని సిలికా ధూళి ఏళ్లతరబడి పీల్చినవారికి సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల జబ్బు సోకుతుంది. ముక్కుకు కొంగు చుట్టుకుని జల్లెడ పట్టే ఆడకూలీలకు ఈ సంగతి చెప్పిన మేస్త్రీలు ఎందరో!

ఇంటింటా జరుగుతున్న ఈ పనిని నీటి వసతి ఉన్న నిల్వకేంద్రాలవద్ద ఒక్కచోట చేయించడం న్యాయం. మోటారుతో కదిలే జల్లెడ, నీటిధార అమర్చి, కడిగిన నీటిని గుంటలో నిలిపి మట్టి దిగిన తర్వాతనే బయటికి వదలాలి. ఏరిన గులకరాళ్లను గచ్చుకింద పరుపుకు వాడవచ్చు, వాటిని విడిగా అమ్మితే కొంత ఖర్చు కలిసివస్తుంది. దీనివల్ల ఇసుక ఖరీదు పెరుగుతుందని కొందరు అనవచ్చు. ఆ ఖర్చు ఇప్పుడు లేకపోలేదు. పేదవాడి ఇంటిముందు చిల్లరగా, ఎక్కువగా అవుతున్నది. పెద్ద పనులకు ఇంజనీర్లున్నారు, కాగితంమీదనైనా పరీక్షలున్నాయి. రెండుగదుల ఇంటికి ఎవరున్నారు?

వానాకాలంలో నదిలో తవ్వకాలు ఆగి, అమ్మకమంతా నిల్వలనుంచే సాగుతుంది. గనులశాఖ అధికారులు ఆలోగానే జిల్లాలో కనీసం ఒకటి రెండు కేంద్రాలలో జల్లెడలు పెట్టించాలి. సీసా పరీక్ష కొనేవాడి ఎదుటనే చేసి, ఒండ్రు ఎంత తేలిందో రశీదుమీద రాసి ఇవ్వాలి.