పాటీ సీటు కొనేముందు: గిన్నె ఎక్కడ ఖాళీ చేస్తారు?

ఏడాదిన్నర, రెండేళ్ళ బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఒక ప్రశ్న వస్తుంది. డైపరో, గుడ్డో మాన్పించి బిడ్డను ఇక ఎక్కడ కూర్చోబెట్టాలి? సమాధానంగా మార్కెట్లో రకరకాల పాటీ సీట్లున్నాయి. బాతు ఆకారంలో ఒకటి, కారు ఆకారంలో ఇంకొకటి, కూర్చోగానే పాట పాడేది మరొకటి. వీటిని అమ్మే ప్రకటనలు రంగు గురించి, మెత్తదనం గురించి, బొమ్మల గురించి చెబుతాయి. అందులో పడినది చివరికి ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పవు.

పట్నం అపార్ట్‌మెంట్‌లో ఇది పెద్ద లోపంగా కనిపించకపోవచ్చు. కానీ మద్దేడ్ లాంటి ఊళ్ళో అదే అసలు విషయం. ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలో, బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్ళే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఉందీ ఊరు. రాష్ట్ర అధికార భాష హిందీ అయినా ఈ వైపు ఇళ్ళలో తెలుగు, దోర్లీ, గోండి వినిపిస్తాయి. ఇలాంటి పల్లెల్లో ప్రభుత్వ సాయంతో కట్టిన మరుగుదొడ్డి అంటే చిన్న గది, కింద కూర్చునే పాన్, బయట గుంతలు. నీళ్ళు బకెట్‌తో మోసుకుపోవాలి. బిడ్డ ఆడుకునేది మట్టి వాకిట్లో.

అందుకే పాటీ సీటు ఎంచుకోవడాన్ని బొమ్మ కొనడంలా కాకుండా, మంచినీళ్ళ బిందె కొనడంలా చూడాలని నా అభిప్రాయం. కొనేముందు మూడు విషయాలు చూసుకోవాలి. బిడ్డ పాదాలు నేలకు ఆనుతున్నాయా? గిన్నె ఎక్కడ ఖాళీ అవుతుంది? దాన్ని కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?

రింగు సీటా, నేల మీది పాటీయా?

మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వెస్ట్రన్ కమోడ్ మీద పెట్టే చిన్న రింగు. ఇంట్లో కమోడ్ లేకపోతే ఇది పనికిరాదు. కమోడ్ ఉన్నా, బిడ్డ కాళ్ళు గాలిలో వేలాడతాయి కాబట్టి పాదాల కింద పీట పెట్టాలి. రెండోది నేల మీద పెట్టే చిన్న కుర్చీ, లోపల తీసి ఖాళీ చేయగలిగే గిన్నె ఉంటుంది. కింద కూర్చునే పాన్ ఉన్న ఇంటికి ఇదే సరిపోతుంది.

బిడ్డను నేరుగా పాన్ మీదే కూర్చోబెడితే పోదా అని చాలామంది అడుగుతారు. నాలుగైదేళ్ళ పిల్లలకు అది సరే. రెండేళ్ళ బిడ్డకు మాత్రం ఆ పాన్ పెద్దవాళ్ళ కొలతలకు చేసింది. పాదాలు పెట్టే చోట్ల మధ్య దూరం ఎక్కువ, లోపల వాలు ఎక్కువ, గదిలో వెలుతురు తక్కువ. పడిపోతానేమోనని బిడ్డ భయపడితే అది మొండితనం కాదు. ఆ భయంతోనే పిల్లలు లోపలికి వెళ్ళనని ఏడ్చి, వాకిట్లోకో గోడ పక్కకో పోతారు. పెద్దవాళ్ళు కూడా, చిన్నపిల్లలే కదా అని అక్కడే కూర్చోబెడతారు.

శరీరం చెప్పే లెక్క

పెద్దపేగు చివర ఒక కండరం పేగును పట్టీలా చుట్టి ముందుకు లాగి ఉంచుతుంది. మలం ఊరికే జారిపోకుండా ఆపేది ఆ వంపే. మోకాళ్ళు పైకి వచ్చేలా గొంతుకూర్చున్నప్పుడు ఈ కండరం సడలి, వంపు తగ్గి, దారి తిన్నగా అవుతుంది. అందుకే బిడ్డ కూర్చున్నప్పుడు మోకాళ్ళు తుంటి కన్నా కాస్త పైన ఉండాలి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. పాదాలకు ఆధారం లేకపోతే బిడ్డ ముక్కడానికి పట్టు దొరకదు.

మన ఇళ్ళలో ఈ సంగతి శాస్త్రం చెప్పక ముందే తెలుసు. తల్లో అమ్మమ్మో కాళ్ళు చాపుకుని, పాదాల మధ్య పసిబిడ్డను గొంతుకూర్చోబెట్టి, నోటితో ‘ఉస్స్’ అని శబ్దం చేయడం తెలుగు ఇళ్ళలో చాలామంది చూసే ఉంటారు. బిడ్డకు అదే మొదటి పాటీ సీటు. భంగిమ సరైనది, వెన్నుకు ఆసరా ఉంది, భయం లేదు. మంచి పాటీ సీటు చేయాల్సింది కూడా ఇంతే.

ఏ వయసులో మొదలుపెట్టాలన్న దానిపై ప్రపంచమంతా ఒకే సమాధానం లేదు. అమెరికా శిశువైద్యుడు టి. బెర్రీ బ్రాజెల్టన్ 1962లో 1,170 మంది పిల్లల అనుభవం ఆధారంగా, బిడ్డ సిద్ధపడే దాకా ఆగాలని, బలవంతం వద్దని చెప్పారు. ఆ పిల్లలు పగటిపూట అలవాటు పూర్తిగా నేర్చుకున్న సగటు వయసు సుమారు 28 నెలలు. 1977లో తూర్పు ఆఫ్రికాలోని డిగో తెగ మీద వచ్చిన పరిశీలన దీనికి భిన్నం. అక్కడి తల్లులు పుట్టిన కొన్ని వారాలకే బిడ్డ సూచనలను గమనించి కూర్చోబెట్టడం మొదలుపెడతారు. ఐదారు నెలలకే పిల్లలు చాలావరకు అలవాటు పడతారు. మన పాత పద్ధతి దీనికి దగ్గర.

రెండింటిలోనూ ఒకటే నీతి ఉంది. బిడ్డను గమనించాలి, కొట్టకూడదు, తిట్టకూడదు. తిట్లకు భయపడిన బిడ్డ మలాన్ని బిగబట్టుకుంటుంది. బిగబట్టిన కొద్దీ అది గట్టిపడుతుంది, వెళ్ళినప్పుడు నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి భయపడి మళ్ళీ బిగబడుతుంది. మలబద్ధకం ఇలా ఒక చక్రంలా తిరుగుతుంది. నడక వచ్చి, చిన్న మాటలు అర్థమై, రెండు గంటల పాటు తడపకుండా ఉండగలిగితే ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య పాటీ అలవాటు మొదలుపెట్టవచ్చు. భోజనం తర్వాత పేగుల కదలిక సహజంగా పెరుగుతుంది, కూర్చోబెట్టడానికి అది మంచి సమయం. ఐదు నిమిషాలు చాలు. రాకపోతే లేపేయాలి.

‘చిన్నపిల్లోడిదే గదా, ఏమైతది?’

ఇక అసలు విషయానికి వద్దాం. పసిపిల్లల మలం ప్రమాదం లేనిదన్న నమ్మకం మన దగ్గర చాలా లోతుగా ఉంది. వాకిట్లో బిడ్డ వెళ్ళినప్పుడు దాని మీద ఇంత బూడిద చల్లి, పారతో ఎత్తి పెంటకుప్ప మీద వేస్తారు. లేదా నీళ్ళు పోసి కాలువలోకి తోసేస్తారు. ఇంటి వెనక మరుగుదొడ్డి ఉన్నా ఇదే జరుగుతుంది.

నిజానికి పసిపిల్లల మలంలో రోగకారక క్రిములు పెద్దవాళ్ళ మలంలో కన్నా ఎక్కువగా ఉండవచ్చు. కారణం సులభం. నీళ్ళ విరేచనాలు, నులిపురుగులు ఎక్కువగా పట్టేది చిన్నపిల్లలకే. రోటావైరస్ సోకిన బిడ్డ మలం ద్వారా అసంఖ్యాకంగా వైరస్‌ను వదులుతుంది. ఇంకో బిడ్డకు సోకడానికి అందులో అతి కొద్ది భాగం చాలు.

నులిపురుగుల సంగతి మరీ మొండిది. ఒక ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు తాజా మలంలో ఉన్నప్పుడు సోకవు. తేమ ఉన్న మట్టిలో కొన్ని వారాలు ఉన్నాక సోకే దశకు చేరతాయి, అనుకూలమైన నేలలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. అంటే పైన కనిపించేదాన్ని ఎత్తేసినా, మట్టిలో మిగిలింది తర్వాతి నెలలో ఆడుకునే బిడ్డ గోళ్ళలోకి చేరుతుంది. కొంకి పురుగు లార్వాలైతే చెప్పుల్లేని పాదాల చర్మం గుండానే లోపలికి పోతాయి, రక్తహీనతకు కారణమవుతాయి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు బిడ్డకు సగం మాత్ర, ఆపై వయసు వాళ్ళకు ఒకటి. మాత్ర కడుపులోని పురుగును చంపుతుంది. వాకిట్లోని గుడ్లను చంపదు.

పాటీ వల్ల రోగాలు తగ్గుతాయా?

ఈ ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పాలి. బంగ్లాదేశ్ పల్లెల్లో 5,551 మంది గర్భిణులను చేర్చుకుని జరిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అందులో కొన్ని కుటుంబాలకు రెండు గుంతల మరుగుదొడ్డి, చిన్నపిల్లలకు పాటీ, వాకిట్లోని మలం ఎత్తడానికి ఒక ప్రత్యేకమైన పార ఇచ్చారు. వాటిని వాడమని పదేపదే వెళ్ళి ప్రోత్సహించారు. ఏ సాయమూ లేని ఇళ్ళలో, వారం రోజుల లెక్కలో 5.7 శాతం పిల్లలకు విరేచనాలు కనిపిస్తే, ఈ ఇళ్ళలో అది 3.5 శాతం. అయితే పిల్లల ఎదుగుదలలో తేడా రాలేదు. కెన్యాలో ఇదే తరహా అధ్యయనంలో విరేచనాలు కూడా తగ్గలేదు.

కాబట్టి పాటీని మంత్రదండంలా చూపడం తప్పు. బంగ్లాదేశ్‌లో కూడా అది మరుగుదొడ్డి, పార, నిరంతర ప్రోత్సాహంతో కలిసి పనిచేసింది. వాటిలో పాటీ వాటా ఎంతో విడదీసి చెప్పలేం. మనం నేర్చుకోవాల్సింది ఇది: పాటీ ఒక గొలుసులో ఒక కొక్కెం. బిడ్డ, పాటీ, పాన్, గుంత, సబ్బు. మధ్యలో ఏది తెగినా మిగతావి వృథా. పాటీలో కూర్చోబెట్టి, గిన్నెను తీసుకెళ్ళి పెంటకుప్ప మీద గుమ్మరిస్తే వాకిలి ఒక్కటే శుభ్రంగా కనిపిస్తుంది, రోగం దారి మూసుకోదు.

ఎలాంటిది కొనాలి?

గిన్నె విడిగా బయటికి వచ్చేది, పట్టుకోవడానికి పిడి ఉన్నది, మూలలు, అతుకులు లేకుండా నున్నగా ఉన్నది కొనండి. అతుకుల్లో మురికి నిలుస్తుంది. గిన్నె రంగు తెల్లగానో లేతగానో ఉంటే మంచిది. నీళ్ళ విరేచనమా, రక్తం పడుతోందా, పురుగులున్నాయా అన్నది కంటికి కనబడాలి. ఆశా కార్యకర్తకో, డాక్టరుకో చెప్పడానికి అదే పనికొస్తుంది. అడుగు వెడల్పుగా ఉండాలి, బిడ్డ ఒక పక్కకు వాలినా బోర్లా పడకూడదు. మూత ఉంటే ఈగలు వాలవు. మగపిల్లల కోసం ముందు ఉండే అంచు గుచ్చుకునేలా ఉండకూడదు. పాటలు, లైట్లు అక్కర్లేదు. కడగడానికి అవే అడ్డం.

వాడిన వెంటనే గిన్నెలోది పాన్‌లో పోసి, చెంబెడు నీళ్ళతో గిన్నె కడిగి, ఆ కడిగిన నీళ్ళు కూడా పాన్‌లోనే పోయాలి. పల్లెల్లో వేసే పాన్‌కు వాలు ఎక్కువ, ఒకటి రెండు లీటర్ల నీళ్ళతోనే లోపలికి పోతుంది. బోరింగు దగ్గర, బావి గట్టు మీద గిన్నె కడగవద్దు. తర్వాత సబ్బుతో తోమి ఎండలో ఆరబెట్టండి. బిడ్డ చేతులూ, కడిగిన వాళ్ళ చేతులూ సబ్బుతో కడుక్కోవాలి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి కడగాలి.

డైపర్ వాడే ఇళ్ళలో దాన్ని పాన్‌లో వేయకండి. అది కరగదు, దారి మూసేస్తుంది. లోపలి మలాన్ని పాన్‌లో దులిపి, డైపర్‌ను చెత్తలోకి విడిగా చుట్టి వేయాలి. చెత్త బండి రాని ఊళ్ళో అది వాగులోకో మంటలోకో పోతుంది కాబట్టి, పాటీ అలవాటు ఎంత త్వరగా అయితే అంత మేలు. ఇంట్లో పనిచేసే మరుగుదొడ్డి లేకపోతే, బావికి, వాగుకు దూరంగా గుంత తీసి పూడ్చడం బయట పారేయడం కన్నా నయం. అయినా అది తాత్కాలికమే.

ఇంటి మీదే వదిలేయవద్దు

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్‌లో ఇంటి మరుగుదొడ్డికి 12,000 రూపాయల ప్రోత్సాహకం ఇచ్చారు. బహిరంగ మలవిసర్జన లేని గ్రామం అంటే పరిసరాల్లో మలం కంటికి కనిపించకూడదని, ప్రతి ఇల్లూ దాన్ని సురక్షితంగా వదిలించుకోవాలని ప్రభుత్వ నిర్వచనమే చెబుతుంది. అందులో పెద్దల మలం, పిల్లల మలం అన్న తేడా లేదు. ఆచరణలో మాత్రం మనం లెక్కపెట్టేది గదులనే. ఆ గదిలోకి వెళ్ళలేని రెండేళ్ళ బిడ్డ లెక్కలోకి రావడం లేదు.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ప్రతి అంగన్‌వాడీలో పిల్లల కొలతకు తగిన పాన్ గానీ, కడగగలిగే నాలుగైదు పాటీలు గానీ, వాటికి తగిన నీళ్ళు, సబ్బు గానీ ఉంటే, బిడ్డ అక్కడ నేర్చుకున్నది ఇంటికి తెస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి మితానిన్ల వ్యవస్థ ఉంది. దేశమంతా ఆశా కార్యకర్తలు రాకముందే ఇక్కడి పల్లె మహిళలు ఇంటింటికీ వెళ్ళి ఆరోగ్యం గురించి చెబుతున్నారు. టీకాల గురించి, ఓఆర్ఎస్ గురించి చెప్పే ఆ మాటల్లో ‘బిడ్డది కూడా పాన్‌లోనే పోయండి’ అన్న ఒక్క వాక్యం చేరాలి. అదీ ఆ ఇంట్లో మాట్లాడే భాషలో చేరాలి. మద్దేడ్‌లో నానమ్మకు తెలుగులో చెబితే అర్థమయ్యే మాట, హిందీ పోస్టరుగా గోడ మీద ఉంటే బిడ్డకు ఉపయోగం లేదు.

ఏ పాటీ కొనాలని అడిగేవాళ్ళకు చివరిగా ఒకటే మాట. దుకాణంలో బిడ్డను దాని మీద కూర్చోబెట్టి పాదాలు ఆనుతున్నాయో లేదో చూడండి. తర్వాత గిన్నె చేతిలోకి తీసుకుని, ఇంట్లో దాన్ని పట్టుకుని ఎక్కడికి నడుస్తారో ఆలోచించండి. ఆ నడక మరుగుదొడ్డి పాన్ దగ్గర ఆగితే, చవకదైనా అది మంచి పాటీయే.