గూని వయసుతో వచ్చేది కాదు

వయసు మీదపడితే ఆడవాళ్ళకి గూని మామూలే అనే మాట నాకు అస్సలు నచ్చదు. చాలాసార్లు అది ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు ఒక్కొక్కటే నలిగిపోవడం. కింద పడక్కర్లేదు, వంగి బియ్యం డబ్బా జరిపినా చాలు. మా అత్తయ్యకి అలాగే అయింది.

ఇప్పుడు పెద్ద కోత లేకుండా, సూదితో ఆ పూసలోకి ఎముక సిమెంటు ఎక్కిస్తున్నారు. వర్టిబ్రోప్లాస్టీ అంటారు, 1984లో ఫ్రాన్స్‌లో మొదలైంది. (సిమెంటనగానే మా ఆడపడుచు, స్లాబు వేస్తారా అంది!) మావారు రేపే చేయించేద్దామన్నారు. నేనే ఆగమన్నాను. చాలామందికి మందులతో, జాగ్రత్తలతో రెండు మూడు నెలల్లో నొప్పి తగ్గుతుంది. 2009లో వచ్చిన రెండు పరిశోధనల్లో ఉత్తుత్తి సూదికీ సిమెంటుకీ పెద్ద తేడా కనబడలేదు. మంచం దిగలేనంత నొప్పి తగ్గకుండా ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. కాళ్ళు తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు.

నా గొడవ వేరే. సిమెంటు ఆ ఒక్క పూసకే, మిగతావి గుల్లగానే ఉంటాయి కదా! అందుకే డెక్సా పరీక్ష చేయించి, ఎముకలకి మందు మొదలుపెట్టించాం. ఆపరేషనుకి అప్పు చేసైనా డబ్బు తెచ్చే ఇళ్ళలోనే, నొప్పి తగ్గిందిగా అని ఈ మందు ఆపేస్తారు. మీ అమ్మో అత్తగారో ఈమధ్య పొట్టిగా అయ్యారనిపిస్తే, గోడకి ఆనించి ఒకసారి ఎత్తు కొలవండి.