ద్రాక్షారసం, మద్యం, ఒక నిమ్మకాయ సోడా

క్రైస్తవులకీ మందుకీ ఉన్న సంబంధం గురించి మన దగ్గర రెండు గట్టి నమ్మకాలున్నాయి. ఆఫీసులో వినపడేది ఒకటి, చర్చిలో వినపడేది ఇంకొకటి. నా మటుకు నాకు రెండూ సగం నిజాలే అనిపిస్తాయి.

ఆఫీసు నమ్మకం ఏంటంటే, క్రిస్టియన్ అంటే తాగుతాడు. ఇందులో మన సినిమాల చలవ చాలా ఉంది. తాగుబోతు పాత్రకి ఏ పీటరో జోసెఫో అని పేరు పెట్టి మెళ్ళో ఓ సిలువ వేస్తే సరిపోయేది. అందుకే రిలీజ్ అయ్యాక పంజాగుట్టలో టీం డిన్నర్‌కి కూర్చుని నేను నిమ్మకాయ సోడా చెప్తే "అదేంటి బాసూ, మీవాళ్ళకి పర్లేదు కదా!" అని ఆశ్చర్యపోతారు. పక్కనున్న హిందూ మిత్రుడు శనివారమని మానేస్తే ఎవరూ ఏమీ అనరు. ముస్లిం మిత్రుణ్ణి అసలు అడగనే అడగరు. నేను మానేస్తే మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవాలి :)

చర్చి నమ్మకం దీనికి పూర్తిగా రివర్సు. తాగడం పాపం, బైబిల్లో నిషేధం ఉంది, అంతే. ఊరి నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో దిగిన కుర్రాడి దగ్గర ఈ విషయంలో ఉండేది ఈ ఒక్క మాటే. మైత్రీవనం చుట్టుపక్కల ఏదో కోర్సు నేర్చుకుంటాడు, ఉద్యోగం వస్తుంది, మొదటి పార్టీకి వెళ్తాడు. అక్కడ ఎవరో తెలివైనవాడు "మరి యేసు నీళ్ళని వైన్ చేశాడు కదా?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకి వీడి దగ్గర జవాబుండదు. నిషేధం లేదని తేలాక ఇంక మానడానికి వేరే కారణమేదీ వాడికెవరూ చెప్పలేదు. నా బాధల్లా ఇదే. మంచి నిర్ణయానికి బలహీనమైన కారణం చెప్తే, కారణంతో పాటు నిర్ణయం కూడా పోతుంది.

ముందు ఆ కానా ఊరి పెళ్ళి సంగతి చూద్దాం. మనవాళ్ళు చాలామంది ఇచ్చే జవాబు "అది వైన్ కాదు, ద్రాక్షపళ్ళ రసం" అని. ఇలా అనుకోవడానికి మన తెలుగు బైబిలే కొంత కారణం. యోహాను 2వ అధ్యాయంలో ఆ పెళ్ళిలో ఇచ్చినదాన్ని ద్రాక్షారసం అన్నారు. ఎఫెసీ 5:18లో దేనితో మత్తులో పడొద్దని పౌలు అన్నాడో దాన్ని మద్యం అన్నారు. చదివేవాడికి ఇవి రెండు వేరు వేరు వస్తువులనిపిస్తుంది. కానీ గ్రీకు మూలంలో రెండు చోట్లా ఉన్నది ఒకే మాట, ఓయినోస్. ఒకే వేరియబుల్‌కి రెండు ఫైళ్ళలో రెండు పేర్లు పెట్టినట్టన్నమాట. అనువాదకులు కావాలని చేశారని నేననను, ఎందుకంటే సామెతలు 20:1లో మనిషిని నవ్వులపాలు చేసేదాన్ని కూడా ద్రాక్షారసం అనే రాశారు. కానీ ద్రాక్షారసం అనగానే తెలుగువాడికి జ్యూస్ సెంటరే గుర్తొస్తుంది. దాన్నేం చేస్తాం?

పైగా ఆ రోజుల్లో ఫ్రిజ్‌లు లేవు. పిండిన ద్రాక్షరసాన్ని వదిలేస్తే దానంతటదే పులుస్తుంది. పులవకుండా నిలవ ఉంచే పద్ధతి 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు పంటి డాక్టరు కనిపెట్టాడు, అదీ తన చర్చిలో ప్రభు భోజనానికి మత్తులేని రసం కావాలని. పాశ్చర్ చూపించిన దారిలో రసాన్ని వేడి చేసి సీసాల్లో పోశాడు. ఈ రోజు మన చర్చిల్లో చిన్న చిన్న గ్లాసుల్లో ఇచ్చే రసం వెనక చరిత్ర అదీ. మొదటి శతాబ్దంలో అలా లేదు. కొరింథు సంఘంలో కొందరు ప్రభు భోజనం దగ్గరే మత్తెక్కి కూర్చుంటున్నారని పౌలు కోప్పడ్డాడు (1 కొరింథీ 11). జ్యూస్ తాగి ఎవరికీ మత్తెక్కదు కదండీ.

కాబట్టి నిజాయితీగా చెప్పుకుందాం. బైబిల్ తాగుడిని, అంటే మత్తుని, గట్టిగా ఖండిస్తుంది. నోవహు తాగి పడిపోయిన కథ ఉంది. సామెతలు 23లో తాగుబోతు ఎర్రబడ్డ కళ్ళనీ తగిలిన దెబ్బలనీ వర్ణించిన తీరు చదివితే రాసినాయనకి విషయం బాగా తెలుసనిపిస్తుంది. ఇంకోవైపు 104వ కీర్తన మనిషిని సంతోషపెట్టే ద్రాక్షారసాన్ని దేవుడిచ్చిన వాటిల్లో లెక్కేస్తుంది. తిమోతికి కడుపు బాగోలేకపోతే కొంచెం పుచ్చుకోమని పౌలే సలహా ఇచ్చాడు. అలాగని అసలు ముట్టనివాళ్ళూ ఉన్నారు, నాజీరులు, యిర్మీయా 35లో కనపడే రేకాబీయులు. బాప్తిస్మమిచ్చే యోహాను ముట్టలేదు, యేసుని మాత్రం జనం తాగుబోతు అని తిట్టారు. ఇన్ని రకాల మనుషులున్న పుస్తకం నుంచి "అందరికీ నిషేధం" అనే ఒక్క లైను తీయడం కుదరదు.

అందుకే సంఘాలన్నీ ఒక్కలా లేవు. ఆర్.సి.ఎం. వాళ్ళు పూజలో నిజమైన వైనే వాడతారు, వాళ్ళ చట్టం ప్రకారం అది ద్రాక్షపళ్ళ నుంచి సహజంగా వచ్చినదే అయ్యుండాలి. గుంటూరు, రాజమండ్రి వైపు ఉన్న లూథరన్ల మూలపురుషుడు మార్టిన్ లూథర్‌కి బీర్ ఇష్టం, ఆయన భార్య కాథరీనా ఇంట్లోనే బీర్ కాచేది. మెదక్ చర్చి కట్టిన వెస్లియన్ల మూలపురుషుడు జాన్ వెస్లీ 1743 నాటి నియమాల్లో తాగుడుతో పాటు ఘాటు సారాయిల అమ్మకం కొనుగోలు కూడా వద్దన్నాడు, వైన్ మాత్రం నిషేధించలేదు. సాల్వేషన్ ఆర్మీలో సైనికుడిగా చేరాలంటే మాత్రం అసలు ముట్టనని సంతకం పెట్టాలి. అందరూ చదివేది అదే బైబిల్.

మరి మన తెలుగు చర్చిల్లో ఇంత పట్టుదల ఎందుకు? నా ఉద్దేశంలో దానికి కారణం గ్రీకు వ్యాకరణం కాదు, సారా. మన సంఘాల్లో ఎక్కువమంది కూలి చేసుకుని బతికిన కుటుంబాల వాళ్ళు. సాయంత్రం చేతికొచ్చిన కూలి డబ్బులు ఇంటికొచ్చేలోపు సారా కొట్టు దగ్గర ఆగిపోవడం వాళ్ళు కళ్ళారా చూశారు. అందుకే పాస్టరుగారు "ముట్టుకోవద్దు" అంటే ఇంట్లో ఆడవాళ్ళకి అది ప్రసంగంలా కాదు, రేపటి బియ్యంలా వినపడింది.

ఇది క్రైస్తవులకే పరిమితమైన బాధ కూడా కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కలుసుకున్న ఆడవాళ్ళు, రోసమ్మ లాంటివాళ్ళు ముందుండి సారా కొట్లు మూయించారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు దాన్ని సడలించారు. చట్టం రెండేళ్ళకే వెనక్కి తగ్గింది. 2023లో తెలంగాణలో 2,620 మద్యం షాపుల కోసం లక్షా ముప్ఫై వేలకి పైగా దరఖాస్తులొచ్చాయి, ఒక్కోదానికి తిరిగివ్వని ఫీజు 2 లక్షలు. ఖజానాకి ఇంత రుచి మరిగాక నిషేధం మీద ఆశ పెట్టుకోవడం అనవసరం. క్రైస్తవులే ఎక్కువగా ఉన్న మిజోరంలో కూడా 2015లో నిషేధం సడలించి 2019లో మళ్ళీ పెట్టారు. చట్టం వస్తుంది, పోతుంది. మిగిలేది మనిషి తనంతట తాను చేసుకునే నిర్ణయమే.

నిషేధం లేదు, చట్టం నిలబడదు, మరి నేనెందుకు మానాలి? దీనికి జవాబు రోమా పత్రిక 14వ అధ్యాయంలో దొరుకుతుంది. అక్కడ గొడవ ఏం తినాలి, ఏం తినకూడదు అని. పౌలు ఇచ్చిన తీర్పు చిత్రంగా ఉంటుంది. నీకది తప్పు కాకపోవచ్చు, కానీ నీ స్వేచ్ఛ వల్ల పక్కవాడు పడిపోయేలా ఉంటే నువ్వే వదులుకో అంటాడు. మాంసంతో పాటు ద్రాక్షారసాన్ని కూడా పేరుపెట్టి మరీ చెప్తాడు. అంటే "ఇది పాపమా కాదా" అనే ప్రశ్న పక్కన పెట్టి "నా బల్ల దగ్గర ఎవరున్నారు" అని అడగమంటున్నాడు.

ఆ బల్ల దగ్గర ఎవరుంటారో నాకు తెలుసు. ఎస్సార్ నగర్ హాస్టల్లో నా రూమ్మేట్ ఒకడుండేవాడు. వాళ్ళ నాన్న తాగుడుతోనే పోయాడు. మొదటి ఉద్యోగంలో "ఒక్క బీరే కదరా" అని మొదలుపెట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి పొద్దున స్టాండప్ మీటింగ్‌కి ముందే ఒక పెగ్గు పడాల్సిన స్థితికొచ్చాడు. ఎలాగో బయటపడ్డాడు. తర్వాత ఒకసారి నాతో అన్నాడు: "బార్ ముందు నుంచి నడిచిపోవడం కష్టం కాదురా. టీం డిన్నర్లో అందరి చేతుల్లో గ్లాసులుండి నా చేతిలో లేకపోవడమే కష్టం. నువ్వు పక్కన కూర్చుని సోడా తాగుతుంటే నేనొక్కణ్ణే తేడాగా కనపడను." బైబిల్ జ్ఞానం పెద్దగా లేని మనిషి, రోమా 14 మొత్తం నాకు రెండు వాక్యాల్లో చెప్పేశాడు.

పదిమంది కూర్చున్న బల్ల దగ్గర తొమ్మిదిమందికి ఒక గ్లాసు వల్ల ఏమీ కాకపోవచ్చు. పదోవాడెవరో మనకి ముందే తెలీదు, ఒక్కోసారి వాడికే తెలీదు. సర్వర్ కెపాసిటీ లెక్కేసేటప్పుడు సగటు లోడ్ చూసి ఊరుకోం కదా, ఎక్కడ కూలుతుందో అది చూస్తాం. ఇక్కడా అంతే.

పక్కవాడంటే బల్ల దగ్గరున్నవాడే కాదు, రోడ్డు మీదున్నవాడు కూడా. 2016 జూలై 1న ఇదే పంజాగుట్టలో తాగి ఉన్న ఇంజనీరింగ్ కుర్రాళ్ళ కారు డివైడర్ దాటి అవతల వెళ్తున్న కారు మీద పడింది. బడి నుంచి ఇంటికెళ్తున్న చిన్నపాప ప్రాణం పోయింది, ఆ ఇంట్లోవాళ్ళ ప్రాణాలూ పోయాయి. ఆ కుర్రాళ్ళు రాక్షసులేం కాదు, మనలాంటి బీటెక్ వాళ్ళే. చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దగ్గర గీత గీసింది. ఆ గీత ఎప్పుడు దాటామో తాగినవాడి బుర్ర చెప్పలేదు, ఎందుకంటే ముందు దెబ్బతినేది ఆ లెక్క చూడాల్సిన బుర్రే.

"ఎవడి బలహీనతకో నేనెందుకు మానాలి?" అనేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎవరూ బలవంతం చేయలేరు. చేస్తే అది ప్రేమ అవ్వదు, మళ్ళీ నిషేధమే అవుతుంది. "కొంచెం తాగితే గుండెకి మంచిదట" అనేవాళ్ళూ ఉంటారు. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. తిమోతికి కావాల్సింది కడుపు మందు, మనకి అమీర్‌పేటలో అడుగడుక్కీ మెడికల్ షాపుంది.

చర్చి పెద్దలకి కూడా ఒక మాట. మానేయడం పుణ్యం కాదు, తాగనివాణ్ణని కాలరెగరేసుకోవడానికి అందులో ఏమీ లేదు. ఇప్పుడు మన చర్చిల్లో తాగే అలవాటున్నవాడు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేడు. చెప్తే బయటికి పంపేస్తారని భయం. అందుకని దాచుకుంటాడు, దాచుకున్నకొద్దీ ముదురుతుంది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ చేసిన పని ఎంత చిన్నదో చూడండి. తాగుడుతో బాధపడినవాళ్ళు ఒక గదిలో కూర్చుని ఒకరికొకరు నిజం చెప్పుకుంటారు. ఒక క్రైస్తవ ఉద్యమం లోంచే పుట్టిన పద్ధతది, హైదరాబాద్‌లోనూ వాళ్ళ మీటింగులు జరుగుతున్నాయి. అలాంటి గది చర్చిలోనే ఎందుకుండకూడదు?

హాస్టల్లో కొత్తగా దిగిన తమ్ముళ్ళకి నేను చెప్పేదొక్కటే. ఎవరైనా కానా పెళ్ళి గురించి అడిగితే కంగారుపడి జ్యూస్ అని బుకాయించకండి. "అవును, వైనే" అని ఒప్పుకోండి. గ్లాసు పట్టుకున్నవాణ్ణి తక్కువగా చూడకండి, ప్రసంగాలు మొదలుపెట్టకండి. ఎందుకు మానావని ఎవరైనా నిజంగా తెలుసుకోవాలని అడిగితే, "నాకు అనుమతి ఉంది, కానీ ఈ బల్ల దగ్గర ఒకడికి తోడు కావాలేమో" అని చెప్పండి. ఈ జవాబుని కూల్చే ప్రశ్న నాకైతే ఇంతవరకూ ఎదురుకాలేదు.