కొనేవాడు లేని చెత్త

మన మిల్లుల్లో వేస్టు అంటే పారేసేది కాదు. ఫ్లాట్ స్ట్రిప్సుకు ఓపెన్ ఎండ్ మిల్లులున్నాయి, కోంబర్ నాయిల్‌కు సర్జికల్ కాటన్ చేసేవాళ్లున్నారు. బ్లోరూం ఊడ్పుకు కూడా ఒక రేటుంది. ఈ లెక్క ఆగేది పత్తి బేళ్లలో వచ్చే ప్లాస్టిక్ పోగుల దగ్గరే. మిక్సింగులో ఆడవాళ్లు వాటిని ఏరకపోతే నూలు చెడుతుంది. ఏరిన పోగుకు ధర లేకపోయినా, ఏరిన చేతికి కూలి కట్టక తప్పదు.

ఊరి చెత్తలోనూ ఇదే సంగతి. ఏరే షెడ్డులో బండి దిగగానే అట్టలు, సీసాలు, ఇనుము, పాల కవర్లు పక్కకు పోతాయి. తడి చెత్త ఎరువుకు పోతుంది. మిగిలేవి బిస్కెట్ రేపర్లు, తెగిన చెప్పులు, పరుపు ముక్కలు, మురికి గుడ్డలు, పిల్లల డైపర్లు.

వీటిని ఏం చేయాలో 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు స్పష్టంగానే రాశాయి. కిలోకు 1500 కిలోకేలరీలు, ఆపైన వేడినిచ్చే చెత్తను పూడ్చకూడదు, ఇంధనంగా వాడాలి. అంటే మట్టి దులిపి, ఆరబెట్టి, ముక్కలు చేసి, బేళ్లు కట్టి సిమెంట్ కొలిమికి పంపాలి. అక్కడ క్లింకర్ కాలే వేడి సుమారు 1450 డిగ్రీలు. బూడిద కూడా సిమెంటులోనే కలిసిపోతుంది. అయితే తడి సరుకు సరిగా మండదు. పి.వి.సి. ముక్కలు కలిస్తే క్లోరిన్ కొలిమికి చేటు. ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు, సూదులు బేలులోకి రానే కూడదు. కనుక రెండోసారి ఏరాలి. చివరికి గుంటకు పోవలసింది రాళ్లు, పెంకులు, మట్టి మాత్రమే.

అలా చేయక గుట్టలు పోస్తే ఏమవుతుందో 2022 ఏప్రిల్‌లో చెన్నై పెరుంగుడిలో, 2023 మార్చిలో మన కొండలవతల కొచ్చి బ్రహ్మపురంలో చూశాం. బ్రహ్మపురం పొగ పది రోజులు దాటినా ఆగలేదు.

ఆ రెండో ఏరుడుకు డబ్బెవరిస్తారు? అసలు తగాదా ఇదే. ఏరేవారి సంపాదనను అమ్మిన సరుకుతో ముడిపెడితే సీసాకు కూలి, డైపరుకు సున్నా. అప్పుడది వెనక గోడ పక్కన కుప్పపడి, ఒక రాత్రి అంటుకుంటుంది. ఇందులో ఏరే కార్మికుల తప్పేమీ లేదు. వారికి చేతి తొడుగులు, మాస్కులు, బూట్లు ఇచ్చే పూచీని ఆ నియమాలే స్థానిక సంస్థలపై పెట్టాయి.

ఇది మిల్లు సంగతి కాదు, సంఘానికెందుకు అని కొందరు సోదరులు అనవచ్చు. ఆ చెత్త మన ఇళ్లదే. దూది దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులతోనే ఆ పొగనూ పీల్చాలి.

మునిసిపాలిటీని మేము అడిగేది ఇది. ఏరేవారికి రోజు కూలి కట్టాలి, అమ్మకంతో ముడి వద్దు. అమ్ముడుపోని చెత్త నెలకు ఎన్ని టన్నులు, ఎక్కడికి పోయిందో షెడ్డు ముందు బోర్డు మీద రాయాలి. మన జిల్లాలోనే, ఆర్.ఆర్. నగర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది. అలాంటిచోటికి లారీ బాడుగ ఎవరు భరించాలో కాగితం మీద తేల్చాలి. సభ్యులు మాత్రం డైపర్లను నేటినుంచే కాగితంలో చుట్టి, తడి చెత్తలో కలపకుండా ఇవ్వాలి.